సీసీ రోడ్డా, తారు రోడ్డా? తేల్చుకునే ముందు చూడాల్సినవి

బస్సులు ఆగే చోట తారు రోడ్డును ఒకసారి కాస్త వంగి, పక్కవాటుగా చూడండి. టైర్లు నడిచే రెండు దారుల్లోనూ రోడ్డు కుంగి గాడులు పడి ఉంటుంది. ఆ గాడుల పక్కన తారు గట్టులా పైకి ఉబ్బి ఉంటుంది. బ్రేకు పడే చోటయితే అలలు అలలుగా ముడతలు. డీజిల్ చుక్కలు కారిన మచ్చ ఏదైనా కనబడితే అక్కడి కంకరను బొటనవేలితో కదిపి చూడండి, ఊడి చేతికొస్తుంది. అక్కణ్నుంచి వంద అడుగులు ముందుకెళ్తే అదే తారు, అదే కంకర, అదే రోజు వేసిన రోడ్డు. కానీ అక్కడ బస్సులు ఆగవు, పోతూ ఉంటాయి. రోడ్డు నిక్షేపంగా ఉంటుంది.

సీసీ, అంటే సిమెంటు కాంక్రీటు మంచిదా, తారు మంచిదా అన్న ప్రశ్నకు సగం జవాబు ఆ వంద అడుగుల్లోనే ఉంది. ఆ రోడ్డు మీద ఎంత బరువు ఆగుతుంది, నీళ్లు ఎటు పోతాయి, రేపు దాన్ని ఎవరు తవ్వుతారు. ఈ మూడూ తెలియకుండా ఏది వేయించినా జూదమే. నా మొగ్గు సీసీ వైపే, ముందే చెప్పేస్తున్నాను. అయితే దాన్ని వేయకూడని చోట వేసి, వేయకూడని పద్ధతిలో వేసి, తర్వాత "సీసీ వేసినా ఇంతే సంగతులు" అని తిట్టుకునేవాళ్లను చాలామందిని చూశాను. వాళ్లు తిట్టుకోవడంలో అన్యాయమేమీ లేదు, తప్పు మాత్రం కాంక్రీటుది కాదు.

తారు లొంగుతుంది, కాంక్రీటు లొంగదు

ఒక చిన్న సవరణ చేసుకుని ముందుకెళ్దాం. మనం తారు అని పిలిచేది నిజానికి బిటుమెన్. ముడిచమురును శుద్ధి చేశాక అట్టడుగున మిగిలే నల్లటి జిగురు. బొగ్గు నుంచి తీసే అసలు తారు వేరే పదార్థం, రోడ్ల పనిలో దాని వాడకం దాదాపుగా పోయింది. పేరు మాత్రం నాలుక మీద ఉండిపోయింది, నేనూ తారు అనే అంటాను.

తారు రోడ్డు పై పొరలో తారు ఎంతుంటుందని అడిగితే చాలామంది సగం అంటారు. బరువులో చూస్తే సుమారు 5 శాతం. మిగతాదంతా కంకర, రాతిపొడి. ఆ 5 శాతం జిగురు కంకరను విడిపోకుండా పట్టి ఉంచుతుంది. బరువు మోసేది పొరలు పొరలుగా కింద పరిచి రోలరుతో తొక్కించిన కంకర, దాని కింది మట్టి. చక్రం బరువు ఒక్కో పొర దిగేకొద్దీ గోపురంలా వెడల్పవుతూ పోయి, మట్టిని చేరేసరికి ఆ మట్టి ఓర్చుకోగలిగినంతకు తగ్గాలి. కింద మట్టి కుంగితే పైనున్న పొరలన్నీ దానితోపాటే కుంగుతాయి. ఇంజినీర్లు దీన్ని ఫ్లెక్సిబుల్ పేవ్‌మెంట్ అంటారు. పేరుకు తగ్గట్టే అది లొంగుతుంది.

కాంక్రీటు రోడ్డు పనిచేసే తీరు వేరు. బురదలో కాలు పెడితే చీలమండ దాకా దిగబడుతుంది. అదే బురద మీద చెక్క పలక వేసుకుని నడిస్తే దిగబడదు. కింద బురద బురదగానే ఉంది, మన బరువూ తగ్గలేదు. కానీ పలక ఆ బరువును తన వెడల్పంతా పంచేసింది. సీసీ రోడ్డు ఆ పలకే. కాంక్రీటు బిగువు, అంటే బరువుకు లొంగకుండా నిలిచే గుణం, సుమారు 30,000 మెగాపాస్కల్స్ ఉంటుంది, ఎండాకాలపు మధ్యాహ్నం తారు పొర బిగువు అందులో పదో వంతు ఉంటే గొప్ప. గాలి వేడి 40 డిగ్రీలున్నప్పుడు నల్లటి రోడ్డు పైభాగం 60 దాటిపోతుంది. రోడ్లకు వాడే తారు రకాల్లో చాలావాటికి మెత్తబడే స్థానం 50 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది.

తారుకు ఇంకో గుణం కూడా ఉంది. ఎంత బరువు పడిందన్నది ఒక్కటే కాదు, ఎంతసేపు నిలిచిందన్నదీ దానికి లెక్కే. వేగంగా పోయే బస్సు కింద గట్టిగా నిలబడుతుంది, ఆగిన బస్సు కింద మెల్లగా పక్కకు జారుకుంటుంది. బస్టాపులో మనం చూసిన గాడులు, ఉబ్బులు ఆ జారుడు ఫలితమే. ఇక డీజిల్, ఇంజనాయిల్ అంటారా, తారూ వాటి పుట్టింటిదే. కాబట్టి వాటిలో కరిగిపోతుంది. కాంక్రీటు మీద పడితే మరక మిగులుతుంది, అంతే. పెట్రోలు బంకు లోపలి నేల, టోల్‌గేటు వరసలు, విమానాలు నిలిపే ఆవరణ ఎక్కువగా కాంక్రీటుతోనే ఎందుకు కడతారో ఇప్పుడు వేరే చెప్పక్కర్లేదు.

లెక్క బండ్లది కాదు, ఇరుసుది

అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఒటావా దగ్గర 1958 నుంచి 1960 దాకా ఒక పెద్ద పరీక్ష జరిగింది. ఆషో రోడ్ టెస్ట్ అంటారు. రెండు రకాల రోడ్లనూ రకరకాల మందాల్లో వలయాలుగా వేసి, వాటి మీద సైనికుల చేత రెండేళ్లపాటు లారీలు తిప్పించారు. అందులోంచి తేలిన సూత్రం ఇవాళ్టికీ రోడ్ల డిజైన్లకు పునాది. ఇరుసు మీద బరువు రెట్టింపయితే రోడ్డుకు జరిగే నష్టం రెట్టింపు కాదు, సుమారు పదహారు రెట్లు. అంటే నాలుగో ఘాతం. ఈ లెక్కన 10 టన్నుల ఇరుసు ఒకసారి దాటితే, 1 టన్ను ఇరుసు పదివేల సార్లు దాటినంత నష్టం.

ఇది చదివి చాలామంది "అయితే కాంక్రీటే వేయాలి" అంటారు. నేను దీన్ని తిరగేసి కూడా చదవమంటాను. కార్లు, బైకులు మాత్రమే తిరిగే వీధిలో బరువు వల్ల రోడ్డు పాడవడమన్నది దాదాపు ఉండదు. అక్కడ రోడ్డును తినేది నీళ్లు, ఎండ, తవ్వకాలు. కాబట్టి అలాంటి వీధికి "సీసీ అయితే లారీలను తట్టుకుంటుంది" అని ఎవరైనా చెబితే ఆ మాట నిజమే, కానీ మీకు పనికొచ్చే నిజం కాదు. ఇల్లు కట్టేటప్పుడు ఇటుకల లారీ, సిమెంటు లారీ వస్తాయి కదా అంటే, వస్తాయి. ఏడాదికి అవి ఎన్నిసార్లు వస్తాయో లెక్కపెట్టి చూడండి.

నీళ్ల దగ్గర సీసీ గెలుస్తుంది, ఒక షరతు మీద

గుంత ఎలా పుడుతుందో గమనించారా? ముందు వెంట్రుకవాసి పగులు వస్తుంది. వానకు అందులోకి నీళ్లు దిగుతాయి. పైనుంచి టైరు పడ్డప్పుడల్లా ఆ నీళ్లకు పోయే దారిలేక కంకరకూ తారుకూ మధ్యకు చొరబడతాయి. రాయికి తారు కంటే నీళ్లంటేనే ఇష్టం. ఇది కవిత్వం కాదు, చాలా రకాల రాళ్ల ఉపరితలాన్ని నీరు తారు కంటే గట్టిగా అంటుకుంటుంది. తారు పొర వదిలేస్తుంది, ఒక రాయి ఊడుతుంది, పక్క రాయికి ఆధారం పోతుంది. వారం తిరిగేసరికి తట్ట పట్టేంత గుంత. నీళ్లు నిలిచే పల్లపు వీధుల్లో తారు రోడ్డు ఏటా కొత్తగా వేసినట్టు, ఏటా కొట్టుకుపోయినట్టు ఉండేది ఇందుకే.

కాంక్రీటుకు ఈ గొడవ లేదు. నీళ్లు తగిలితే దానికి జరిగే కీడు లేకపోగా, సిమెంటు ఏళ్ల తరబడి మెల్లమెల్లగా ఇంకా గట్టిపడుతూనే ఉంటుంది. తారు కథ తిరగబడి ఉంటుంది. ఎండకూ గాలికీ అందులోని నూనె గుణం ఆరిపోయి పెళుసుబారుతుంది, బండి ఒక్కటీ తిరగని రోడ్డు కూడా పదేళ్లలో బీటలు వారుతుంది.

షరతు ఏమిటంటే, సీసీ రోడ్డులో నీళ్లు దిగే చోటు జాయింటు, అంటే పలకకూ పలకకూ మధ్య కావాలని కోసి ఉంచే సందు. జాయింటులో నింపిన సీలెంటు పోయి, కింద సన్నటి మట్టి ఉంటే, బరువైన బండి పలక మీంచి దాటినప్పుడల్లా కిందినుంచి బురదనీళ్లు చిమ్ముతాయి. రోడ్డు మీద జాయింటు వెంబడి ఎండిన మట్టి చారలు కనబడితే అదే గుర్తు. అలా చిమ్మి చిమ్మి పలక మూల కింద డొల్ల ఏర్పడుతుంది. ఒకరోజు ఆ మూల త్రికోణంలా విరిగిపడుతుంది. అందుకే సీసీకి నీళ్ల భయం లేదు, డ్రైనేజీ తర్వాత చూసుకుందాం అనే మాటను నమ్మొద్దు. కాలువ లేని సీసీ రోడ్డు కొన్నాళ్లు కాలువలా పనిచేస్తుంది, ఆ తర్వాత ఈ కథ మొదలవుతుంది.

డబ్బు సంగతి

వేసే రోజు చూస్తే చాలా చోట్ల సీసీయే ఖరీదు. తారు ధర ముడిచమురు వెనకాలే తిరుగుతుంది కాబట్టి చమురు మండిపోయే రోజుల్లో ఆ తేడా బాగా తగ్గుతుంది, ఒక్కోసారి తిరగబడుతుంది కూడా. బరువైన బండ్లు తిరిగే చోట, మట్టి మెత్తగా ఉన్న చోట తారు రోడ్డుకు కింద పొరలు చాలా మందంగా వేయాలి. అక్కడా తేడా తగ్గుతుంది.

పోల్చాల్సింది మొదటి బిల్లును కాదు. తారు రోడ్డును సాధారణంగా 15 నుంచి 20 ఏళ్లకు డిజైన్ చేస్తారు, ఆ లోపల సుమారు 5 నుంచి 8 ఏళ్లకోసారి పై పొర వేసుకోవాలి, మధ్యలో గుంతలు పూడ్చుకోవాలి. సీసీని 30 ఏళ్లకు డిజైన్ చేస్తారు, సరిగ్గా వేసింది 40 దాకా లాగడం అరుదేమీ కాదు. దానికి పడే ఖర్చు జాయింట్ల సీలెంటు మార్చడం, అక్కడక్కడా విరిగిన పలక తీసి పోయడం. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని బెల్‌ఫాంటెయిన్ పట్నంలో జార్జ్ బార్తలోమ్యూ అనే ఆయన 1891లో వేసిన కాంక్రీటు రోడ్డు ఆ దేశంలో మొదటిది. పట్నం వాళ్లు నమ్మక అయిదేళ్ల హామీ తీసుకున్నారు. ఆ పట్నంలో తొలినాటి కాంక్రీటు ఇప్పటికీ మిగిలి ఉంది. సిమెంటు అమ్మేవాళ్లకు ఈ కథ మహా ఇష్టం. కాకపోతే మొదట్లో దాని మీద నడిచినవి గుర్రపు బళ్లని కూడా గుర్తుపెట్టుకోవాలి.

నేను మాత్రం 30 ఏళ్ల లెక్క కంటే ముందు ఒక ప్రశ్న అడుగుతాను. మరమ్మతుకు డబ్బు ఏటా ఎక్కడినుంచి వస్తుంది? రోడ్డు వేయడానికి డబ్బు పుడుతుంది, ప్రారంభోత్సవం ఉంటుంది. గుంత పూడ్చడానికి డబ్బు పుట్టదు, దానికి రిబ్బను కత్తిరించేవాళ్లుండరు. కాలనీ సంఘమైనా, ఫ్యాక్టరీ అయినా, పెద్ద సంస్థ అయినా ఇంతే. నిర్వహణకు ఏటా కచ్చితంగా డబ్బు పక్కన పెట్టగలిగిన చోట తారు రోడ్డు చాలా మంచి రోడ్డు. వేసి మరిచిపోయే అలవాటున్న చోట సీసీకి పెట్టిన అదనపు డబ్బు, రాబోయే ఇరవై ఏళ్ల మరమ్మతుకు ముందుగా కట్టేసిన డబ్బు.

రంగు, వెలుతురు, చప్పుడు

కొత్త తారు రోడ్డు తన మీద పడిన వెలుతురులో 5 శాతం మాత్రమే తిరిగి వదులుతుంది. కొత్త కాంక్రీటు 35 నుంచి 40 శాతం. వయసు పెరిగేకొద్దీ తారు తెల్లబడుతుంది, కాంక్రీటు మాసిపోతుంది, తేడా తగ్గుతుంది కానీ పోదు. దీనివల్ల రాత్రిపూట అవే దీపాలతో సీసీ రోడ్డు మీద మనిషి త్వరగా కనబడతాడు. వీధి రాత్రికి చల్లబడడంలోనూ తేడా తెలుస్తుంది. ఎదురు నష్టం ఏమిటంటే మిట్టమధ్యాహ్నం కళ్లు జిగేలుమంటాయి, తెల్ల గీతలు తెల్ల రోడ్డులో కలిసిపోతాయి. అందుకే కొన్నిచోట్ల గీత పక్కన నల్ల అంచు కూడా వేస్తారు.

ఇంధనం ఆదా గురించి చాలా పెద్ద పెద్ద మాటలు వినబడుతుంటాయి. బరువైన లారీ కింద తారు రోడ్డు కొద్దిగా కుంగుతుంది, ఆ కుంగులోంచి చక్రం నిరంతరం ఎక్కుతున్నట్టే ఉంటుంది కాబట్టి లారీలకు కొంత ఆదా నిజమే. కార్లకు అది కనబడనంత తక్కువ. ఎత్తుపల్లాల సీసీ రోడ్డు కంటే నున్నటి తారు రోడ్డే ఏ బండికైనా నయం.

చప్పుడులో తారుదే పైచేయి. అడ్డగీతలు గీసిన కాంక్రీటు మీద టైర్లు ఈల వేస్తాయి, జాయింటు దాటినప్పుడల్లా టక్ టక్ మంటాయి. ఆసుపత్రి, బడి పక్కన వేగంగా బండ్లు పోయే రోడ్డయితే ఇది చిన్న విషయం కాదు. గీతలు పొడవునా గీస్తే, లేదా వజ్రపు బ్లేళ్లతో పైపైన అరగదీస్తే చప్పుడు చాలా తగ్గుతుంది. అసలు గీతలే లేకుండా, గచ్చు మెత్తినట్టు నున్నగా తాపీతో మెత్తిన వీధులూ ఉన్నాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, మొదటి వానకు బైకులు జారుతాయి. కాంక్రీటు పోశాక పైన తేలిన నీటి మెరుపు ఆరిన వెంటనే గట్టి చీపురుతో అడ్డంగా ఒక్కసారి లాగితే చాలు. ముందు లాగితే గుజ్జు లేస్తుంది, ఆలస్యమైతే గీత పడదు.

పర్యావరణం విషయంలో ఎవరూ పూసలు లెక్కపెట్టుకుని కూర్చునే పవిత్రులు కారు. సిమెంటు బట్టీ 1450 డిగ్రీల దాకా మండాలి, ప్రపంచం వదిలే కార్బన్ డయాక్సైడులో సుమారు 7, 8 శాతం సిమెంటుదే. సిమెంటులో కొంత భాగం బదులు ఫ్లై యాష్ (బొగ్గు కాల్చగా వచ్చే బూడిద), స్లాగ్ (ఇనుప కొలిమి మడ్డి) వాడితే ఆ భారం తగ్గుతుంది. తారు రోడ్డును గీకి తీసిన ముక్కను వేడి చేసి మళ్లీ రోడ్డులోనే వాడొచ్చు, ఈ సౌకర్యం కాంక్రీటుకు అంత బాగా లేదు. పగలగొట్టిన కాంక్రీటు కింది పొరలకు కంకరగా పనికొస్తుంది.

సీసీ వద్దనాల్సిన చోట్లు

కింద పైపులు ఇంకా పడని వీధి. ఇది అన్నిటికంటే ముందు. మంచినీళ్ల పైపు, మురుగు పైపు, కేబుళ్లు ఏవీ పడకముందే సీసీ వేస్తే, ఆరు నెలల్లో కట్టరు వచ్చి నిలువునా కోస్తుంది. తారు రోడ్డు కోతను పూడ్చి మీద తారు వేస్తే అతుకు కనబడినా పనవుతుంది. కాంక్రీటులో పలక మధ్యలో కోసిన కోత ఎప్పటికీ పుండే. అతుకు చుట్టూ పగుళ్లు పుడతాయి, పలక పనితనమే పోతుంది. పైపులన్నీ వేశాక కూడా ప్రతి యాభై, అరవై అడుగులకు రోడ్డు అడ్డంగా ఒక ఖాళీ గొట్టం పాతి పెట్టండి. రేపు వచ్చే కేబులు అందులోంచి పోతుంది. పోత సమయంలో దీనికయ్యే ఖర్చు తక్కువ, తర్వాత దొరకని సౌకర్యం. తవ్వకాలు ఎప్పటికీ తప్పని సందులయితే పేవర్ బ్లాకులు వేసుకోండి, ఊడదీసి మళ్లీ పేర్చుకోవచ్చు.

కొత్తగా మట్టి పోసి ఎత్తు చేసిన చోటు రెండోది. ఎంత రోలరు తొక్కించినా లోతైన మెరక ఏళ్లపాటు కొద్దికొద్దిగా దిగుతూనే ఉంటుంది. దానితోపాటు తారు దిగుతుంది, మీద ఇంకో పొర వేసి సరిచేసుకోవచ్చు. కాంక్రీటు దిగదు, కింద ఖాళీ అయ్యాక విరుగుతుంది. అలాంటి చోట మొదట తారు వేసి, దిగడం ఆగాక దాని మీదే కాంక్రీటు వేసుకోవడం తెలివైన పని. పాత తారు రోడ్డు మీద వేసే ఈ కాంక్రీటునే వైట్ టాపింగ్ అంటారు, పలుచటిదయితే 100 నుంచి 200 మిల్లీమీటర్ల మందం సరిపోతుంది. కింది తారు గట్టిగా ఉండి, పైన మాత్రమే గాడులు పడిన రోడ్లకు ఇది చక్కటి మందు.

మూసిపెట్టడానికి వీల్లేని రోడ్డు మూడోది. తారు పొద్దున వేస్తే సాయంత్రానికి బండ్లు వదలొచ్చు. మామూలు కాంక్రీటుకు వారం రోజుల్లో వచ్చే బలం మూడింట రెండు వంతులే, బరువైన బండ్లకు 28 రోజులు ఆగడం పద్ధతి. త్వరగా గట్టిపడే మిశ్రమాలున్నాయి, వాటికి ఖర్చూ జాగ్రత్తా రెండూ ఎక్కువే.

రోడ్డు ఎత్తు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పాత రోడ్డును తవ్వకుండా దాని మీదే కొత్తది పోసుకుంటూ పోతే, మూడోసారికి ఇళ్ల గుమ్మాలు రోడ్డు కంటే కిందికి పోతాయి. తారైనా సీసీ అయినా ఇది ఒకటే, కాకపోతే సీసీ ఒక్క దెబ్బకే 150, 200 మిల్లీమీటర్లు లేపుతుంది. వాననీళ్లు ఎటు పోవాలో రోడ్డు మట్టం వేసే రోజే తేలాలి.

వేసే రాత్రి

సీసీ రోడ్డు తలరాత మొదటి ఇరవై నాలుగు గంటల్లోనే రాసేస్తారు. నేనున్న ఒక పనిలో జరిగిందే చెప్తాను. మధ్యాహ్నం మూడింటికి పోత మొదలైంది, ఎండ దంచేస్తోంది. చీకటి పడేసరికి తొంభై మీటర్ల దాకా ఒకే పట్టీగా పోశారు. నున్నగా, సమంగా, ఎవరైనా మెచ్చుకునేట్టు వచ్చింది. జాయింట్లు కోసే కట్టరు రాత్రి పదకొండుకు మొదలుపెట్టాలి. మూడో కోత మధ్యలో ఇంజను ఆగిపోయింది. బెల్టు తెగిందని ఒకరు, కాదు ఇంకేదో అని ఒకరు. మెకానిక్కును తెల్లారాక పిలుద్దామన్నారు. రాత్రి చలి దిగింది. పొద్దున అయిదున్నరకు టార్చి వేసుకుని నడుచుకుంటూ పోతే, కోసిన మూడు గీతలు దాటాక పలక మీద పగులు. పాము పాకినట్టు ఒక అంచు నుంచి ఇంకో అంచుకు. ఇంకో ఆరేడు మీటర్లకు మరొకటి. గోరు పట్టనంత సన్నంగా ఉన్నాయి. "ఏం కాదులెండి, సిమెంటు నీళ్లు పూస్తే కనబడవు" అన్నాడు మేస్త్రీ. కనబడకుండా పూశారు కూడా. ఏడాది తిరిగేసరికి ఆ రెండు పగుళ్లే అంచులు చిట్లి, బొటనవేలు దూరేంత అయ్యాయి.

ఆ పగుళ్లు రావడం వింతేమీ కాదు. కాంక్రీటు ఆరేటప్పుడు కుదించుకుపోతుంది, చల్లబడినప్పుడూ కుదించుకుపోతుంది. నూరు మీటర్ల కాంక్రీటు 30 డిగ్రీల తేడాకు సుమారు 3 సెంటీమీటర్లు పొట్టిదవుతుంది. ఎలాగూ పగులుతుంది. ఎక్కడ పగలాలో మనం చెప్పడమే జాయింటు. పలక మందంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు లోతు కోస్తే, పగులు బుద్ధిగా ఆ కోత కిందే వస్తుంది, కంటికి కనబడదు. వాతావరణాన్ని బట్టి పోసిన 6 నుంచి 18 గంటల లోపు ఈ కోత పడాలి. ముందే కోస్తే అంచు కంకర లేచిపోతుంది, ఆలస్యమైతే పగులే ముందు వస్తుంది. హైవే పలకలకు 4.5 మీటర్లకొక కోత సాధారణం. 150 మిల్లీమీటర్ల వీధి పలకకు మూడున్నర మీటర్లు దాటనివ్వకండి. పలక పొడవూ వెడల్పూ దగ్గరదగ్గరగా ఉంటే మంచిది, బాగా పొడుగ్గా ఉన్న పలక మధ్యలో విరుగుతుంది. మ్యాన్‌హోలు చుట్టూ కాంక్రీటు నేరుగా ఆనకుండా విడిగా ఒక జాయింటు వదలాలి, లేకపోతే దాని నాలుగు మూలల నుంచీ నాలుగు పగుళ్లు బయలుదేరతాయి.

బరువైన బండ్లు తిరిగే రోడ్డులో అడ్డ జాయింట్లకు డోవెల్ కడ్డీలు కావాలి. నున్నటి కడ్డీలు, సుమారు 32 మిల్లీమీటర్ల లావు, అరమీటరు పొడవు, 300 మిల్లీమీటర్లకొకటి. ఒక పలక మీది బరువును పక్క పలకకు అందించేవి ఇవే. సగం పొడవుకు ప్లాస్టిక్ తొడుగు వేయడమో, గ్రీజు పూయడమో చేయాలి, పలక సాగినా కుదించుకున్నా కడ్డీ మీద జారేట్టుగా. వంకరగా పెట్టిన డోవెల్ అసలు పెట్టనిదాని కంటే చెడ్డది, పలకను కదలనివ్వకుండా పట్టేసి పగలగొడుతుంది. తేలికపాటి వీధి పలకలకు ఇవి అక్కర్లేదు, కోత కింద పగిలిన కంకర పళ్లే ఒకదాన్నొకటి పట్టుకుని పని కానిస్తాయి.

ఇక నీళ్లు. ట్రక్కు నుంచి మాలు జారట్లేదని పైపు పెట్టి నీళ్లు కొట్టడం రోజూ చూసేదే. ఒక ఘనపు మీటరుకు పది లీటర్లు ఎక్కువైనా బలం గుర్తుపట్టేంత తగ్గుతుంది, పై పొర దుమ్ము రాలుతుంది. కాంక్రీటులోకి నీళ్లు తక్కువ పడాలి, గట్టిపడ్డాక పైన ఎక్కువ పెట్టాలి. సరిగ్గా దీనికి తలకిందులుగా జరుగుతుంటుంది. కనీసం 7 రోజులు, వీలైతే 14 రోజులు గోనెసంచులు ఆరనివ్వకుండా తడపాలి, లేదా మట్టి గట్లు కట్టి నీళ్లు నిలపాలి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పైపుతో చల్లి పోతే అది క్యూరింగ్ కాదు.

తారు రోడ్డు పనికీ ఇంత శ్రద్ధ కావాలి, కాకపోతే అక్కడ చూడాల్సింది ప్రధానంగా వేడి. మాలు సుమారు 150 డిగ్రీల దగ్గర పరుచుకోవాలి, 100 కిందికి చల్లబడేలోపు రోలరు పని పూర్తికావాలి. టార్పాలిన్ కప్పకుండా దూరం నుంచి వచ్చిన లారీని వెనక్కి పంపేయండి.

ఏది ఎక్కడ

బస్టాపులు, టోల్‌గేట్లు, లారీలు నిలిచే యార్డులు, సిగ్నళ్లున్న పెద్ద కూడళ్లు, నిటారు ఎక్కుడు దారులు, నీళ్లు నిలిచే పల్లపు వీధులు: ఇక్కడ చర్చ లేదు, సీసీయే. రోడ్డంతా తారు ఉంచి, బస్సు ఆగే ముప్పై మీటర్లు మాత్రం కాంక్రీటు పోయడం నాకు బాగా నచ్చే పరిష్కారం. తక్కువ ఖర్చుతో ఎక్కువ తలనొప్పి పోతుంది. పైపులు అయిపోయి, కాలువలు ఉండి, మట్టి స్థిరపడిన నివాస వీధికీ సీసీయే చెప్తాను. తవ్వకాలు మిగిలున్నచోట, మెరక కొత్తగా ఉన్నచోట, రోడ్డు ఒక్కరోజు కూడా మూయలేని చోట తారు వేసి, దాని పై పొరకు డబ్బు పక్కన పెట్టుకోండి. ఏటా బండ్లు పెరుగుతూ, వెడల్పు చేయాల్సి వస్తుందని తెలిసిన రోడ్డుకూ ఇదే మాట.

సీసీ అని తేల్చుకున్నాక కాంట్రాక్టరును అడగాల్సినవి కొటేషన్‌లో ఉండవు. పలక కింద ఏం వేస్తున్నారు? మట్టి మీద నేరుగా పోస్తామంటే కుదరదు, తొక్కించిన కంకర పొరో, సిమెంటు తక్కువగా కలిపిన పొడి కాంక్రీటు పొరో ఉండాలి. జాయింట్ల కొలతలు కాగితం మీద గీసి ఇవ్వగలరా? క్యూరింగ్‌కు నీళ్లు ఎక్కడినుంచి, ఎవరు పెడతారు, రెండు వారాలూ ఆ మనిషి ఉంటాడా? చివరగా, రాత్రికి కట్టర్లు ఎన్ని తెస్తున్నారు? ఒకటే అంటే, రెండోది వచ్చి నిలబడేదాకా పోత మొదలుపెట్టనివ్వకండి.